జిహాదీ ముఠాల ఎదుగుదల, దేశాల విదేశాంగ విధానాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా యుద్ధాలు, ఆంక్షలు, డ్రోన్ దాడులు జరిగినా ఈ ముఠాలు ఒకచోట అణిగి మరోచోట ఎందుకు లేస్తున్నాయన్నదే ఎక్కువమంది అడిగే ప్రశ్న. మత గ్రంథాల్లో వెతికితే దీనికి పూర్తి జవాబు దొరకదు. ఆ ఊళ్లో భూమి తగవు ఎవరు తీరుస్తున్నారు, పన్ను ఎవరు వసూలు చేస్తున్నారు, జవానుకు జీతం అందుతోందా అని చూస్తే చాలా వరకు దొరుకుతుంది. కింది జవాబులు ఎక్కువగా అటే నడుస్తాయి.

జిహాద్ అన్నా, జిహాదీ ముఠా అన్నా ఒకటేనా?

కాదు. అరబ్బీలో జిహాద్ అంటే గట్టిగా పూనుకుని ప్రయత్నించడం. మనసులోని చెడును అదుపు చేసుకోవడం దగ్గర్నుంచి యుద్ధం దాకా ఆ మాటకు చాలా వాడుకలున్నాయి. ఇక్కడ జిహాదీ ముఠా అంటున్నది మాత్రం ఉన్న రాజ్యాన్ని ఆయుధంతో కూల్చి, తమ వ్యాఖ్యానం ప్రకారం షరియా పాలన పెట్టాలనే సంస్థల్ని. ఎన్నికల్లో నిలబడే ఇస్లామిక్ పార్టీలు ఈ లెక్కలోకి రావు. ఆ రెంటినీ కలిపేసిన విధానాలు చాలాచోట్ల ఎదురు తిరిగాయి.

తెలుసుకోవాల్సిన మరో మాట తక్ఫీర్. తోటి ముస్లింనే "నువ్వు ముస్లింవి కావు" అని వెలివేయడం, ఆపైన అతన్ని చంపడం తప్పు కాదనడం. ఇరాక్, అఫ్గానిస్థాన్, సోమాలియా, నైజీరియాల్లో ఈ ముఠాల చేతుల్లో చచ్చిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలే కావడానికి ఇదొక కారణం. 2014 సెప్టెంబరులో 120 మందికి పైగా ముస్లిం పండితులు ఐసిస్ అధినేత అబూ బకర్ అల్-బగ్దాదీకి బహిరంగ లేఖ రాసి, అతని వాదాన్ని ఒక్కో అంశంగా ఖండించారు.

అల్‌ఖైదాను అమెరికాయే తయారు చేసిందంటారు. నిజమా?

సగమే నిజం. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లో దిగాక అమెరికా గూఢచార సంస్థ సీఐఏ వాళ్లతో పోరాడే ముజాహిదీన్లకు డబ్బు, ఆయుధాలు పంపింది. సౌదీ అరేబియా దానికి సమానంగా మరో వాటా వేసింది. ఆ సొమ్మంతా పాకిస్థాన్ గూఢచార సంస్థ ఐఎస్‌ఐ చేతుల మీదుగా వెళ్లేది. ఏ అఫ్గాన్ పార్టీకి ఎంతివ్వాలన్నది ఐఎస్‌ఐ ఇష్టం. గుల్బుద్దీన్ హెక్మత్యార్ లాంటి కరుడుగట్టిన నాయకులకు పెద్ద వాటా దక్కిందంటే కారణం అదే. భుజం మీంచి పేల్చే స్టింగర్ క్షిపణులు 1986లో వచ్చాయి.

అరబ్ వాలంటీర్ల కథ వేరు. పాలస్తీనా మత పండితుడు అబ్దుల్లా అజ్జామ్ 1984లో పెషావర్‌లో మక్తబ్ అల్-ఖిదమాత్ అనే సేవా కార్యాలయం తెరిచాడు. గల్ఫ్ విరాళాలతో, బిన్ లాదెన్ సొంత డబ్బుతో అది నడిచింది. అల్‌ఖైదా 1988 ఆగస్టులో అందులోంచే పుట్టింది. సీఐఏ నేరుగా బిన్ లాదెన్‌కు డబ్బిచ్చిందనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

అమెరికాను తప్పుపట్టాల్సింది ఆ తర్వాతి దశకు. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైనికుడు వెనుదిరిగాక అఫ్గానిస్థాన్‌ను పట్టించుకున్న నాథుడు లేడు. అంతర్యుద్ధం ముదిరింది. 1994లో కాందహార్‌లో తలెత్తిన తాలిబన్లు 1996 సెప్టెంబరుకల్లా కాబూల్‌లో ఉన్నారు. అదే ఏడాది అమెరికా, సౌదీ ఒత్తిడి మీద సూడాన్ బిన్ లాదెన్‌ను వెళ్లగొట్టింది. వెళ్లగొడితే ఎక్కడికి పోతాడన్నది ఎవరూ తేల్చుకోలేదు. అతను సరిగ్గా ఆ అఫ్గానిస్థాన్‌కే చేరాడు. రెండేళ్లకు, 1998 ఆగస్టు 7న, కెన్యాలోని నైరోబీ, టాంజానియాలోని దారెస్సలామ్ నగరాల్లో అమెరికా రాయబార కార్యాలయాల ముందు అల్‌ఖైదా బాంబులు పేలి 224 మంది చనిపోయారు.

మరి ఐసిస్ ఎలా అంత పెద్దదయింది?

ఒక్క తప్పుతో కాలేదు. వరసగా చేసిన తప్పులన్నీ కలిశాయి.

2003 మే 16న బగ్దాద్‌లోని అమెరికా ఆక్రమణ యంత్రాంగం సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పైశ్రేణుల వాళ్లెవరూ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండకూడదంది. వారం తిరగ్గానే మే 23న ఇరాక్ సైన్యాన్నే రద్దు చేసింది. లక్షలమంది ఒక్క సంతకంతో జీతం, పింఛను, పరువు పోగొట్టుకున్నారు. తుపాకీ పట్టడం, మందుగుండు దాచిన చోట్లు వాళ్లకు బాగా తెలుసు. కొంతమంది తర్వాత బస్రా ప్రాంతంలోని క్యాంప్ బుకా జైల్లో జిహాదీలతో ఒకే బ్యారక్‌లో పడ్డారు. బగ్దాదీ కూడా 2004లో అక్కడున్నవాడే.

తర్వాత ఐసిస్‌గా మారిన ముఠా నాయకుడు అబూ ముసబ్ అల్-జర్ఖావీ 2004లో బిన్ లాదెన్‌కు విధేయత ప్రకటించి, షియాలను లక్ష్యంగా చేసుకుని అంతర్యుద్ధం రగిలించాడు. అతని ముఠా ఆగడాలు భరించలేక అన్బార్‌లోని సున్నీ తెగలే దానికి ఎదురు తిరిగాయి. అమెరికా వాళ్లకు మనిషికి నెలకు సుమారు 300 డాలర్లిచ్చి కాపలాకు పెట్టుకుంది. సహ్వా అని పిలిచిన ఈ దళాల్లో దాదాపు లక్షమంది చేరారు. 2007లో అదనంగా దింపిన సుమారు 30 వేలమంది అమెరికా సైనికుల కన్నా ఈ ఒప్పందమే ఎక్కువ పనిచేసిందని చాలామంది విశ్లేషకుల అభిప్రాయం. మాదీ అదే. 2010 ఏప్రిల్‌లో ముఠా అగ్రనేతలిద్దరూ ఒకే దాడిలో హతమయ్యేనాటికి అది కొనఊపిరితో ఉంది.

చచ్చిందనుకున్న పామును లేపింది ఆ తర్వాతి మూడేళ్లు. సహ్వా జవాన్లలో ఐదో వంతు మందిని భద్రతా దళాల్లోకి తీసుకుంటామన్న మాట సరిగ్గా నిలబడలేదు. 2011 డిసెంబరులో అమెరికా సేనలు వెళ్లిపోయిన వెంటనే సున్నీ ఉపాధ్యక్షుడు తారిఖ్ అల్-హాషిమీ మీద అరెస్టు వారంటు వచ్చింది. 2013 ఏప్రిల్‌లో హవీజాలో సున్నీల నిరసన శిబిరం మీద సైన్యం కాల్పులు జరిపింది. పక్కన సిరియా తగలబడుతోంది. 2013 జులైలో అబూ గ్రైబ్ జైలు బద్దలై 500 మందికి పైగా పారిపోయారు. 2014 జూన్ 10న ఇరాక్‌లోని పెద్ద నగరం మోసుల్ ఐసిస్ చేతిలో పడిపోయింది.

మోసుల్‌లో సైన్యం కాగితం మీద వేలల్లో ఉంది. దొంగ మస్టర్ల సంగతి తర్వాత బయటపడింది: పేరుంటుంది, జీతం డ్రా అవుతుంది, మనిషి ఉండడు. ఆ ఏడాది నవంబరులో ప్రధాని హైదర్ అల్-అబాదీ పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం అలాంటి పేర్లు దేశం మొత్తమ్మీద 50,000.

తాలిబన్, అల్‌ఖైదా, ఐసిస్ అన్నీ ఒకే తానులో ముక్కలే కదా?

భావజాలంలో చుట్టరికం ఉంది, లక్ష్యాల్లో తేడా ఉంది. తాలిబన్లకు కావలసింది అఫ్గానిస్థాన్. అల్‌ఖైదాకు "దూరపు శత్రువు", అంటే అమెరికా, ముందు లక్ష్యం. స్థానిక ముఠాలతో పొత్తు పెట్టుకుని ఓపిగ్గా పనిచేస్తుంది. ఐసిస్ 2014 జూన్ 29న ఏకంగా ఖలీఫా రాజ్యమే ప్రకటించి, మిగతావాళ్లంతా తన ముందు తలవంచాలంది. అందుకే అది అల్‌ఖైదాతోనూ తాలిబన్లతోనూ యుద్ధం చేస్తోంది. 2021 ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయం గేటు దగ్గర 13 మంది అమెరికా సైనికుల్ని, సుమారు 170 మంది అఫ్గాన్లను చంపింది ఐసిస్ అఫ్గానిస్థాన్ ప్రాంతపు శాఖ, అంటే ఖొరాసాన్ శాఖ. అప్పటికి గేటు బయట కాపలా కాస్తున్నది తాలిబన్లే.

ఈ తేడా పట్టించుకోకుండా "ఉగ్రవాదులంతా ఒకటే" అని విధానం రాసుకుంటే ఎవరితో మాట్లాడొచ్చు, ఎవరితో మాట్లాడి లాభం లేదు అన్నది తేలదు.

వీళ్లకు డబ్బెక్కడిది?

విదేశీ విరాళాలే అనుకుంటారు. స్థావరం దొరికిన ముఠాకు అసలు రాబడి ప్రజల నుంచే వస్తుంది.

ఐసిస్ ధాన్యం మీద పన్ను వేసిన తీరు చూడండి. వానాధార పంటకు పదో వంతు, నీరు పెట్టి పండించిన పంటకు ఇరవయ్యో వంతు. ఇది పాత ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) నియమమే కాబట్టి రైతు కాదనలేడు. దానికి తోడు ఇంకో విచిత్రం జరిగింది. మోసుల్ పోయాక కూడా ఏడాది పాటు బగ్దాద్ ప్రభుత్వం అక్కడి టీచర్లకు, డాక్టర్లకు జీతాలు పంపుతూనే ఉంది. ఐసిస్ అందులోంచి కోత పెట్టుకునేది. 2015 మధ్యలో ఆ జీతాలు ఆపేశారు. ముఠా రాబడికి గండి పడింది, దాంతోపాటు లక్షల కుటుంబాల కడుపూ మాడింది.

చమురు రెండో పెద్ద వనరు. ట్యాంకర్ డ్రైవర్లు సామాన్యులన్న కారణంతో అమెరికా నేతృత్వంలోని సంకీర్ణ సేనలు చాలాకాలం లారీల జోలికి పోలేదు. 2015 నవంబరు 16న సిరియాలోని అబూ కమాల్ దగ్గర మాత్రం 116 లారీలను కాల్చేశారు. అంతకు సుమారు 45 నిమిషాల ముందు "బండ్లు దిగి పారిపోండి" అని కరపత్రాలు జారవిడిచారు.

సోమాలియాలో అల్-షబాబ్ అనే జిహాదీ ముఠా పద్ధతి ఇంకా నేర్పుగా ఉంటుంది. సరుకు లారీ వాళ్ల చెక్‌పోస్టు దగ్గర ఒకసారి సొమ్ము కడితే రశీదు ఇస్తారు. ఆ దారిలోని తర్వాతి షబాబ్ పోస్టుల్లో రశీదు చూపిస్తే చాలు, మళ్లీ అడగరు. ప్రభుత్వం వైపు నెలల తరబడి జీతం రాని జవాను ప్రతి పోస్టు దగ్గరా చెయ్యి చాపుతాడు. డ్రైవర్ ఏ దారి ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. భూమి తగవుల్లోనూ ఇంతే: ప్రభుత్వం చేతిలోని రాజధాని మొగదిషులో ఉంటూ కూడా షబాబ్ కోర్టుకు వెళ్లేవాళ్లున్నారు. అక్కడ తీర్పు త్వరగా వస్తుంది, లంచం నడవదు, అమలవుతుంది. భయం వల్ల అమలవుతుందన్నది నిజమే, కానీ అవుతుంది.

కిడ్నాప్ సొమ్ము సహారాలో అల్‌ఖైదా శాఖకు ప్రాణాధారమైంది. అమెరికా, బ్రిటన్ చెల్లించం అంటాయి; యూరప్‌లో కొన్ని ప్రభుత్వాలు గుట్టుగా చెల్లించాయి. 2013 జూన్‌లో జీ8 దేశాలు చెల్లించబోమని ప్రకటన చేశాక కూడా అది ఆగలేదు.

దాడికి పెద్ద సొమ్ము అక్కర్లేదన్నది మర్చిపోకూడదు. 2001 సెప్టెంబరు 11 దాడులకు అయిన ఖర్చు 4 నుంచి 5 లక్షల డాలర్లని అమెరికా విచారణ కమిషన్ తేల్చింది. డబ్బు దారులు మూసేస్తే పాలన నడిపే ముఠా నీరసపడుతుంది. నలుగురు మనుషుల దళం ఆగదు.

ఐరాస జాబితాలో పేరు చేర్చడం ఎలా జరుగుతుంది?

భద్రతామండలి 1999 అక్టోబరులో 1267 తీర్మానంతో ఈ ఏర్పాటు మొదలుపెట్టింది. 2011లో తాలిబన్లకు విడిగా 1988 తీర్మానం కింద మరో జాబితా పెట్టారు. 2015 డిసెంబరులో 2253 తీర్మానంతో ఐసిస్‌ను అల్‌ఖైదా జాబితాలో కలిపారు.

పద్ధతి ఇదీ. ఒక సభ్యదేశం పేరు, గుర్తింపు వివరాలు, కారణాల నివేదికతో ప్రతిపాదన పెడుతుంది. మండలిలోని 15 దేశాలే కమిటీలోనూ ఉంటాయి. 10 పనిదినాల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పేరు ఎక్కుతుంది. ఓటింగ్ ఉండదు, అందరూ ఒప్పుకోవాలి. ఎవరైనా "ఇంకా సమాచారం కావాలి" అంటే సాంకేతిక కారణం మీద ఆగిపోతుంది: ఆరు నెలలు, కావాలంటే మరో మూడు నెలలు. ఆ గడువు అయ్యాక అభ్యంతరం పెట్టడమో, వదిలేయడమో తేల్చాలి.

జైషే మహ్మద్ అధినేత మసూద్ అజహర్ విషయంలో చైనా ఈ గడువులన్నీ వాడుకుంది. 1999 డిసెంబరులో ఐసీ-814 విమానం హైజాక్ చేసి విడిపించుకున్న మనిషి ఇతను. 2016లో ఆరు నెలలు, తర్వాత మూడు నెలలు ఆపి, ఏడాది చివర్లో ప్రతిపాదనను కొట్టేసింది. మళ్లీ 2017లో అడ్డుపడింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగాక అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ ఈ వ్యవహారాన్ని కమిటీ గదిలోంచి బహిరంగంగా మండలి ముందుకు తెస్తామని ఒత్తిడి పెట్టాయి. మే 1న పేరు ఎక్కింది. జైషే సంస్థ మాత్రం 2001 నుంచే జాబితాలో ఉంది. సంస్థ మీద నిషేధం, దాన్ని నడిపేవాడికి స్వేచ్ఛ, ఇలా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

పేరు ఎక్కితే జరిగేవి మూడు: ఆస్తుల స్తంభన, ప్రయాణ నిషేధం, ఆయుధాల నిషేధం. అరెస్టు చేయమని ఈ జాబితా చెప్పదు. చాలామంది పొరబడేది ఇక్కడే. జైల్లో పెట్టాలా వద్దా అన్నది ఆ మనిషి ఉన్న దేశం చట్టం, దాని చిత్తశుద్ధి.

పొరపాటున ఎక్కిన పేరు తీయించుకోవచ్చా?

మొదట్లో దారే లేదు. 2008 సెప్టెంబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం సౌదీ వ్యాపారి యాసిన్ కాదీ కేసులో, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఆస్తులు స్తంభింపజేయడం చెల్లదంది. ఆ దెబ్బతో 2009 డిసెంబరులో ఇలాంటి అర్జీలు విచారించే అంబుడ్స్‌పర్సన్ పదవి పెట్టారు. సమాచార సేకరణకు నాలుగు నెలలు, అర్జీదారుతో సంప్రదింపులకు రెండు నెలలు, ఆపైన నివేదిక. తీసేయమని సిఫారసు చేస్తే, కమిటీ మొత్తం ఒక్కమాటగా వద్దంటే తప్ప, లేదా ఏదైనా దేశం మండలికి నివేదిస్తే తప్ప, 60 రోజులకు పేరు పోతుంది. ఈ సౌకర్యం ఐసిస్-అల్‌ఖైదా జాబితాకే ఉంది.

గ్రే లిస్టు అంటే ఏమిటి? పాకిస్థాన్‌ను అది నిజంగా కదిలించిందా?

ఎఫ్ఏటీఎఫ్ అక్రమ ధన చలామణీ, ఉగ్ర నిధుల మీద ప్రమాణాలు పెట్టే సంస్థ. ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో సమావేశమవుతుంది. ఆ ప్రమాణాల్లో వెనకబడి, సరిదిద్దుకుంటామని మాటిచ్చిన దేశాల నిఘా జాబితాయే గ్రే లిస్టు. అందులో పడితే చట్టపరంగా ఆంక్షలేమీ ఉండవు. కానీ విదేశీ బ్యాంకులు ఆ దేశపు లావాదేవీలను నాలుగుసార్లు తిరగేస్తాయి, అప్పు ఇచ్చేవాళ్లు వెనకాడతారు. చెల్లింపుల సంక్షోభంలో ఉన్న దేశానికి ఆ మాత్రం చాలు.

పాకిస్థాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు దాకా అందులో ఉంది. మొదట 27 అంశాలు, 2021లో మరో 7 అప్పగించారు. 2020 ఫిబ్రవరిలో లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీద్‌కు ఉగ్ర నిధుల కేసులో శిక్ష పడింది. 2008 ముంబయి దాడుల్లో 166 మంది చనిపోయారు. ఆ కేసులో మాత్రం అతనికి శిక్ష పడలేదు. గ్రే లిస్టు ఎంతవరకు పనిచేస్తుందో ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. డబ్బు లెక్కల కాగితాలు సరిచేయిస్తుంది. సైన్యం ముఠాల్ని పావులుగా వాడే అలవాటును మాన్పించలేదు.

ఉగ్రవాదానికి ఐరాస నిర్వచనమే లేదా?

అన్ని దేశాలు ఒప్పుకున్న సమగ్ర నిర్వచనం లేదు. భారత్ 1996లో సమగ్ర ఒడంబడిక ప్రతిపాదించింది. విదేశీ ఆక్రమణ మీద పోరాడేవాళ్లను, ప్రభుత్వ సైన్యాల చర్యలను ఎలా చూడాలన్న దగ్గర ఇప్పటికీ ఆగి ఉంది.

నాయకుణ్ణి మట్టుబెడితే ముఠా పోతుందా?

నాయకుడొక్కడి వల్ల పోదు. జర్ఖావీ 2006 జూన్‌లో హతమయ్యాడు. నాలుగు నెలలకు అతని ముఠా "ఇస్లామిక్ స్టేట్ ఆఫ్ ఇరాక్" అని పేరు పెట్టుకుంది. 2009 జులైలో నైజీరియా పోలీసులు బోకో హరాం స్థాపకుడు మహమ్మద్ యూసుఫ్‌ను మైదుగురిలో కస్టడీలోనే చంపేశారు. బతికుంటే విచారణ జరిగేది. అతని తర్వాత వచ్చిన అబూబకర్ షెకావు ముందువాడి కన్నా క్రూరుడు. 2014 ఏప్రిల్‌లో చిబోక్ బడి నుంచి 276 మంది బాలికల్ని ఎత్తుకుపోయింది అతని మనుషులే.

భూభాగం కూడా పోయిన ముఠా సంగతి వేరు. 2019 మార్చి 23న సిరియాలో ఐసిస్ చివరి స్థావరం బాగూజ్ పడిపోయి, అక్టోబరులో బగ్దాదీ చచ్చాక, ఐసిస్ కేంద్ర నాయకత్వంలో 2022 నుంచి 2023 మధ్య ముగ్గురు వరసగా హతమయ్యారు. ఆ పేర్లు గుర్తున్నవాళ్లు తక్కువ. బరువంతా ఆఫ్రికా, ఖొరాసాన్ శాఖల వైపు మళ్లింది.

కోట్లు పోసి శిక్షణ ఇచ్చిన సైన్యాలు ఎందుకు కుప్పకూలతాయి?

అఫ్గాన్ భద్రతా దళాల మీద అమెరికా సుమారు 8,800 కోట్ల డాలర్లు పెట్టింది. కాగితం మీద 3 లక్షలమంది. హెలికాప్టర్లు, విమానాల మరమ్మతు విదేశీ కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండేది. 2021లో వాళ్లు వెళ్లిపోగానే విమానాలు నేలకు అతుక్కుపోయాయి. కొండల్లోని చెక్‌పోస్టులకు తిండి, తూటాలు, గాయపడ్డవాణ్ణి తరలించే బండి అన్నీ ఆకాశం మీదుగానే రావాలి. అవి ఆగాక తాలిబన్ల తరఫున ఊరి పెద్ద వచ్చి "ఆయుధం దించితే ఇంటికి పోనిస్తారు" అంటే జవాను ఏం చేస్తాడు? చాలా జిల్లాలు అలాగే, తూటా పేలకుండానే చేతులు మారాయి. ఆగస్టు 15న కాబూల్ వంతు వచ్చింది.

సిరియాలో తిరుగుబాటుదారులకు శిక్షణ ఇచ్చే 50 కోట్ల డాలర్ల అమెరికా పథకం ఇంకా ఘోరం. 2015 సెప్టెంబరులో అమెరికా జనరల్ లాయిడ్ ఆస్టిన్ సెనేట్ కమిటీకి చెప్పినదాని ప్రకారం అప్పటికి రంగంలో మిగిలింది నలుగురో ఐదుగురో. ఐసిస్ మీద తప్ప సిరియా అధ్యక్షుడు అసద్ మీద పోరాడకూడదన్న షరతు పెట్టడంతో చేరేవాళ్లే దొరకలేదు. ఇళ్లు కూల్చినవాడు అసద్ అయినప్పుడు వాళ్లెందుకు చేరతారు?

సహారా ఎడారి దక్షిణపు అంచు సహేల్‌లో ఫ్రాన్స్ ఎక్కడ దెబ్బతింది?

2011లో లిబియాలో గడాఫీ కూలాక, అతని దగ్గర పనిచేసిన తువారెగ్ అనే సహారా తెగ యోధులు ఆయుధాలతో ఉత్తర మాలికి తిరిగొచ్చారు. 2012లో తిరుగుబాటు మొదలైంది, జిహాదీలు దాన్ని తమవైపు లాగేసుకున్నారు. 2013 జనవరి 11న ఫ్రాన్స్ ఆపరేషన్ సెర్వాల్‌తో దిగి వారాల్లోనే టింబక్టు, గావో పట్టణాలను విడిపించింది. జనం ఫ్రెంచి జెండాలు ఊపారు. ఆగి ఉంటే అది విజయగాథే.

2014 ఆగస్టులో మొదలైన తర్వాతి ఆపరేషన్ బర్ఖాన్ ఐదు దేశాలకు పాకింది. ముఠాల్ని వేటాడటంలో స్థానిక సైన్యాలు, మిలీషియాలు ఫులానీ పశువుల కాపరులందరినీ అనుమానించాయి. మధ్య మాలిలో నైజర్ నది వరద తగ్గాక బుర్గు గడ్డి మేస్తుంది పశువుల మంద. ఆ మేతకు సంప్రదాయ పెద్దలు రుసుము వసూలు చేస్తారు. పేద కాపరికి అది భారం. జిహాదీ నాయకుడు అమదూ కూఫా ముఠా వచ్చి రుసుము తగ్గించింది. దీన్ని ఏ డ్రోనూ చూడలేదు. 2022 మార్చిలో మూరా గ్రామంలో మాలి సైన్యం, విదేశీ సాయుధులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐరాస నివేదిక చెప్పింది. అప్పటికే మాలిలో సైనిక పాలన, రష్యా వాగ్నర్ కిరాయి సేన వచ్చేశాయి. ఫ్రాన్స్ ఆగస్టులో మాలి నుంచి వెళ్లిపోయింది, ఐరాస శాంతి దళం 2023 చివరికి.

ఇలాంటివాళ్లతో చర్చలు జరపొచ్చా?

జరిగాయి, కొన్ని ఫలించాయి కూడా. అల్జీరియా 1999లో క్షమాభిక్ష చట్టం తెచ్చాక వేలమంది ఆయుధాలు దించారు. మిగిలిన పిడికెడు మందే 2007లో అల్‌ఖైదా మగ్రెబ్ శాఖ అయ్యారన్నది కూడా నిజం.

అమెరికా, తాలిబన్ల మధ్య 2020 ఫిబ్రవరి 29న కుదిరిన దోహా ఒప్పందం ఎలా రాయకూడదో చెప్పే నమూనా. కాబూల్ ప్రభుత్వాన్ని బల్ల దగ్గరికి రానివ్వలేదు, కానీ దాని జైళ్లలోని 5,000 మందిని వదలాలని ఒప్పుకున్నారు. సేనలు 14 నెలల్లో వెళ్లిపోతాయని తేదీ ఇచ్చేశారు. అల్‌ఖైదాకు చోటివ్వబోమన్న హామీని పరిశీలించే యంత్రాంగం లేదు. 2022 జులై 31న అల్‌ఖైదా నేత జవాహిరీ కాబూల్ నడిబొడ్డున ఇంటి బాల్కనీలో డ్రోన్ దాడికి దొరికాడు. అయినా కాలం ఆగలేదు: 2025 జులైలో రష్యా తాలిబన్ ప్రభుత్వాన్ని గుర్తించింది, అక్టోబరులో భారత్ కాబూల్‌లోని తన సాంకేతిక బృందాన్ని రాయబార కార్యాలయం స్థాయికి పెంచింది.

ఆంక్షలతో మామూలు జనం నలిగిపోరా?

నలిగారు. 2001 నవంబరులో అమెరికా సోమాలియాలోని పెద్ద హవాలా సంస్థ అల్-బరకాత్‌ను మూయించింది. బ్యాంకులు లేని దేశంలో పరదేశంలోని కొడుకు పంపే డబ్బు దాని ద్వారానే వచ్చేది. 2010-12 కరవులో సుమారు 2,60,000 మంది చనిపోయారు. అల్-షబాబ్ సహాయ సంస్థల్ని తరిమేయడం ఒక కారణమైతే, సాయం షబాబ్ చేతికి చిక్కితే తమ మీద కేసు పడుతుందని దాతలు జంకడం ఇంకొకటి. 2022 డిసెంబరులో 2664 తీర్మానం మానవతా సాయానికి ఆంక్షల నుంచి మినహాయింపు ఇచ్చింది. కాగితం మారినా బ్యాంకు అధికారి భయం అంత తొందరగా పోదు.

విదేశీ యోధులు, శిబిరాల్లోని కుటుంబాల సంగతి?

సిరియా, ఇరాక్‌లకు వందకు పైగా దేశాల నుంచి సుమారు 40 వేలమంది వెళ్లారని అంచనా. ఆ ప్రయాణాన్ని నేరంగా చూడాలని 2014 సెప్టెంబరులో 2178 తీర్మానం అన్ని దేశాలనూ ఆదేశించింది. 2019లో ఐసిస్ కుటుంబాలను ఉంచిన సిరియాలోని అల్-హోల్ శిబిరంలో 70 వేలకు పైగా జనం, అందులో అధికులు పిల్లలు. కొన్ని యూరప్ దేశాలు తమవాళ్ల పౌరసత్వం రద్దు చేసి చేతులు దులుపుకున్నాయి. స్వదేశంలో విచారించడం కష్టమే. యుద్ధభూమి సాక్ష్యాలు చాలాసార్లు కోర్టులో నిలబడవు. కానీ గుడారంలో పెరిగిన పదేళ్ల పిల్లాణ్ణి అక్కడే వదిలేయడం ఎవరి భద్రత కోసమో మాకు అర్థం కాదు.

ముందే సమాచారం ఉన్నా దాడులు ఎందుకు ఆగవు?

2019 ఏప్రిల్ 4న భారత నిఘా వర్గాలు శ్రీలంకకు ముఠా పేరు, చర్చిల మీద దాడి చేసే అవకాశం సహా చెప్పాయి. ఏప్రిల్ 21, ఈస్టర్ నాడు బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో అధ్యక్షుడికీ ప్రధానికీ పడదు. ఆ దేశ జాతీయ భద్రతా మండలి సమావేశాలకు ప్రధానిని పిలవడమే మానేశారు. హెచ్చరిక ఉత్తరం బల్లల మీద తిరుగుతూ ఉండిపోయింది. 2023 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనను బాధితులకు 10 కోట్ల శ్రీలంక రూపాయలు చెల్లించమంది.

నిన్న తల మీద వెల ఉన్నవాడు ఇవాళ అధ్యక్షుడెలా అయ్యాడు?

సిరియా గురించి ఈ ప్రశ్న. అహ్మద్ అల్-షరా ఒకప్పుడు అబూ మహమ్మద్ అల్-జులానీ, అల్‌ఖైదా సిరియా శాఖ నుస్రా ఫ్రంట్ నాయకుడు. 2016లో అల్‌ఖైదాతో తెగతెంపులు ప్రకటించాడు. 2017లో హయాత్ తహ్రీర్ అల్-షామ్ (హెచ్‌టీఎస్) పెట్టి వాయవ్య సిరియాలోని ఇద్లిబ్‌లో పన్నులు, కోర్టులు, కరెంటు నడిపాడు. ఐసిస్ దళాలనూ వేటాడాడు. 2024 డిసెంబరు 8న అసద్ పారిపోయాడు. అదే నెలలో అమెరికా షరా తల మీది కోటి డాలర్ల వెల ఎత్తేసింది. 2025 జులైలో హెచ్‌టీఎస్‌ను తన ఉగ్ర సంస్థల జాబితా నుంచి తీసింది. నవంబరు 6న భద్రతామండలి 2799 తీర్మానంతో షరా మీద ఆంక్షలు తొలగించింది. చైనా ఓటింగ్‌కు దూరంగా ఉంది. చైనాలోని ముస్లిం మైనారిటీ వీగర్లలో సిరియాకు వెళ్లి పోరాడినవాళ్లే దాని బెంగ. నాలుగు రోజులకు షరా వైట్‌హౌస్‌లో ఉన్నాడు.

మారాడా, మారినట్టు నటిస్తున్నాడా అని అతని మనసులోకి తొంగిచూడటం కన్నా చూడదగిన విషయాలున్నాయి. విదేశీ యోధుల్ని సైన్యంలో కలిపారు కదా, వాళ్లు ఎవరి ఆజ్ఞ వింటున్నారు? 2025 మార్చిలో తీరప్రాంతంలో అలవీలను, జులైలో సువైదాలో ద్రూజ్‌లను (రెండూ సిరియాలోని మైనారిటీ వర్గాలు) చంపిన ప్రభుత్వ పక్ష సాయుధుల్లో ఎంతమందికి శిక్ష పడింది? జైళ్లలోని ఐసిస్ ఖైదీల కాపలా ఎవరిది, ఆ కాపలాదారుకు ఈ నెల జీతం వచ్చిందా?